ఎల్‌డాప్ సర్వర్‌కి ఏ అడ్మిన్ ఖాతా ఇవ్వాలి? రూట్ డీఎన్‌ని అప్లికేషన్ల నుంచి తప్పించిన ప్రాజెక్టు డైరీ

ఏ సాఫ్ట్‌వేర్‌ని ఎల్‌డాప్‌కి (యూజర్ల వివరాలు, పాస్‌వర్డ్‌లు ఒకేచోట ఉంచే డైరెక్టరీకి) కలపాలన్నా సెటప్ పేజీలో ఒక గడి కనిపిస్తుంది: అడ్మిన్ డీఎన్ (డైరెక్టరీలో ఆ ఖాతా పూర్తి పేరు), దాని కింద పాస్‌వర్డ్. ఆ గడిలో ఏం నింపాలన్నదే ఈ డైరీ. మా ఇంజినీరింగ్ కాలేజీలో వైఫై, ల్యాబ్ పీసీలు, మూడుల్ (ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్), లైబ్రరీ అన్నిటికీ ఏళ్ల తరబడి ఒకే ఖాతా ఇచ్చి ఉంచారు. అది డైరెక్టరీకే యజమాని ఖాతా, అంటే రూట్ డీఎన్. ఇలాంటి సర్వర్ చేతికొచ్చినవాళ్లు ఈ వరుసలోనే చేసుకోవచ్చు. మేం ఎక్కడెక్కడ ఆగిపోయామో అక్కడ జాగ్రత్తపడితే చాలు.

సర్వర్: డెబియన్ 12 లైనక్స్, స్లాప్‌డీ 2.5 (ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రామ్), ఎండీబీ డేటాబేస్, సుమారు 3,200 ఎంట్రీలు (డైరెక్టరీలోని రికార్డులు). పాత డెబియన్ నుంచి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన మెషిన్ ఇది. ఈ సంగతి దశ 1లో అవసరపడుతుంది. పక్కన అదే డేటాతో ఒక టెస్ట్ సర్వర్ పెట్టుకున్నాం. కింద చెప్పిన తేడాలన్నీ ముందు అక్కడే బయటపడ్డాయి.

కమాండ్లు, ఆట్రిబ్యూట్ల (ఎంట్రీలోని ఒక్కో గడి) పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. "బేస్" అన్నచోట మీ డైరెక్టరీ మూలం, అంటే డీసీ=ఎగ్జాంపుల్,డీసీ=ఆర్గ్ లాంటిది, పెట్టుకోండి.

దశ 1: "అడ్మిన్" పేరుతో ఎందరున్నారు?

మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం. ఎల్‌డాప్‌పాస్‌వర్డ్ కమాండ్‌తో సీఎన్=అడ్మిన్,బేస్ పాస్‌వర్డ్ మార్చాం. కొత్తది పని చేసింది. పాతదీ పని చేసింది! సర్వర్ రీస్టార్ట్ చేసినా అంతే.

కారణం వెతికితే ఒకే పేరుతో రెండు వేర్వేరు చోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నాయని తేలింది. ఒకటి కాన్ఫిగరేషన్‌లో, ఓఎల్‌సీరూట్‌పీడబ్ల్యూ అన్న ఆట్రిబ్యూట్‌లో ఉంది. రెండోది డైరెక్టరీ చెట్టులోనే, సీఎన్=అడ్మిన్ అన్న మామూలు ఎంట్రీ తాలూకు యూజర్‌పాస్‌వర్డ్‌లో ఉంది. పాత డెబియన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు రెండూ సృష్టించేది. ఎండీబీ డేటాబేస్‌లో బైండ్ (పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ కావడం) వచ్చినప్పుడు స్లాప్‌డీ ముందు కాన్ఫిగరేషన్‌లోని పాస్‌వర్డ్‌తో పోల్చి చూస్తుంది. అది కుదరకపోతే అక్కడితో ఆపెయ్యదు, ఎంట్రీలోని పాస్‌వర్డ్‌కీ ఒక అవకాశం ఇస్తుంది. అందుకే రెండూ నడిచాయి. మేం మార్చింది రెండోదాన్ని, బయట నలుగురికీ తెలిసింది మొదటిది.

మీ సర్వర్‌లో ఎవరెవరున్నారో చూడటానికి:

1. సుడో ఎల్‌డాప్‌హూయామ్ఐ -వై ఎక్స్‌టర్నల్ -హెచ్ ఎల్‌డాపీఐ:/// కొట్టండి. జవాబులో జీఐడీనంబర్=0+యూఐడీనంబర్=0,సీఎన్=పీర్‌క్రెడ్,సీఎన్=ఎక్స్‌టర్నల్,సీఎన్=ఆథ్ అని రావాలి. లైనక్స్ రూట్ యూజర్‌ని ఎల్‌డాప్ గుర్తించే పేరు ఇది. పాస్‌వర్డ్ లేదు. నెట్‌వర్క్ మీదుగా రావడం కుదరదు, ఆ మెషిన్‌లోని యూనిక్స్ సాకెట్ దారి ఒక్కటే ఉంది.
2. అదే దారిలో సీఎన్=కాన్ఫిగ్ కింద ఓఎల్‌సీరూట్‌డీఎన్, ఓఎల్‌సీరూట్‌పీడబ్ల్యూ ఉన్న ఎంట్రీలు వెతకండి. పాస్‌వర్డ్ పేరు తర్వాత రెండు కోలన్లు కనిపిస్తే అది బేస్64. డీకోడ్ చేస్తేనే అసలు హ్యాష్ (పాస్‌వర్డ్‌ని దాచి ఉంచే రూపం) కనిపిస్తుంది. దాన్ని అలాగే కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే పని చెయ్యదు.
3. చివరగా చెట్టులో సీఎన్=అడ్మిన్ అన్న ఎంట్రీ నిజంగా ఉందో లేదో చూడండి. రూట్ డీఎన్‌కి ఎంట్రీ ఉండి తీరాలన్న నియమం లేదు. పేరు ఒక్కటే ఉన్నా చాలు.

మూడు రకాల అధికారాలు ఇలా విడిపోయాయి. సర్వర్ సెట్టింగులు మార్చేది లైనక్స్ రూట్, సాకెట్ దారిలో. డేటా మీద సర్వాధికారం రూట్ డీఎన్‌ది. మిగిలినవాళ్లంతా చెట్టులో ఎంట్రీ ఉన్న మామూలు ఖాతాలు, వాళ్లకి ఏసీఎల్ (ఎవరు ఏం చదవొచ్చు, ఏం రాయొచ్చు అన్న నియమాల జాబితా) ఎంత ఇస్తే అంత.

రూట్ డీఎన్ గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. అది ఎక్కువ అధికారం ఉన్న యూజర్ కాదు, నియమాలకే బయట ఉన్న ఖాతా. దానికి ఏసీఎల్‌లు వర్తించవు, సైజ్ లిమిట్ లేదు, టైమ్ లిమిట్ లేదు, పాస్‌వర్డ్ పాలసీ నాణ్యత పరీక్షలు కూడా అడ్డు రావు. కాబట్టి రూట్ డీఎన్‌తో టెస్ట్ చేసి "పని చేస్తోంది" అనుకుంటే, మనం పెట్టిన ఏ నియమాన్నీ పరీక్షించనట్టే. ఈ ప్రాజెక్టులో మేం తిన్న దెబ్బల్లో సగం ఇక్కడి నుంచి వచ్చినవే.

దశ 2: ఎవరు వాడుతున్నారో లాగ్ చెప్పాలి

"ఏ సిస్టమ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టారు?" అని అడిగితే ఎవరి దగ్గరా పూర్తి జాబితా లేదు. ఓఎల్‌సీలాగ్‌లెవెల్‌ని స్టాట్స్‌కి పెట్టి లాగ్‌నే అడిగాం. బైండ్ వరుసలో డీఎన్ ఉంటుంది. అదే కనెక్షన్ నంబర్‌తో ముందున్న యాక్సెప్ట్ వరుసలో ఐపీ ఉంటుంది. రెంటినీ జత చేస్తే ఎవరో తెలిసిపోతుంది.

మొదటి లెక్క నమ్మశక్యంగా లేదు, చాలా ఎక్కువ వచ్చింది. గమనిస్తే, విజయవంతమైన ప్రతి సింపుల్ బైండ్‌కి లాగ్‌లో రెండు బైండ్ వరుసలు పడుతున్నాయి. ఒకటి మెథడ్=128తో, ఇంకొకటి మెక్=సింపుల్‌తో. విఫలమైన బైండ్‌కి మొదటిదొక్కటే పడి, తర్వాత ఎర్=49 వస్తుంది. మెథడ్=128 ఉన్న వరుసల్నే లెక్కపెట్టాక అంకెలు సరిపోయాయి.

రెండో వరుస కూడా పనికొచ్చేదే. అందులో ఎస్ఎస్ఎఫ్=0 అని ఉంటే ఆ బైండ్ టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) లేకుండా వచ్చినట్టు. అంటే పాస్‌వర్డ్ తీగ మీద అందరికీ కనిపించేలా వెళ్లినట్టు. డైరెక్టరీ యజమాని పాస్‌వర్డ్‌ని అలా పంపుతున్నవి రెండు కనిపించాయి: లైబ్రరీ సాఫ్ట్‌వేర్, అడ్మిషన్ల స్క్రిప్ట్.

జాబితా, ఒక్కొక్కదానికి నిజంగా కావాల్సిందేమిటో:

1. ల్యాబ్ పీసీలు (లాగిన్‌ని ఎల్‌డాప్‌తో కలిపే ఎస్ఎస్ఎస్‌డీ ప్రోగ్రామ్): యూజర్‌ని వెతకడం. లాగిన్ ఎలాగూ ఆ విద్యార్థి పాస్‌వర్డ్‌తోనే బైండ్ అవుతుంది.
2. మూడుల్: వెతకడం, యూజర్ల జాబితా మొత్తం తెచ్చుకోవడం.
3. లైబ్రరీ సాఫ్ట్‌వేర్: వెతకడం.
4. వైఫై (లాగిన్లు సరిచూసే ఫ్రీరేడియస్ సర్వర్): పీఈఏపీ అన్న లాగిన్ పద్ధతి వాడుతున్నాం కాబట్టి సాంబాఎన్‌టీపాస్‌వర్డ్ (పాస్‌వర్డ్ తాలూకు ఎన్‌టీ హ్యాష్) చదవాలి. అది తప్ప వేరే రహస్యం అక్కర్లేదు.
5. అడ్మిషన్ల స్క్రిప్ట్: ఓయూ=స్టూడెంట్స్ (చెట్టులో విద్యార్థుల కొమ్మ) కింద కొత్త ఎంట్రీలు చేర్చడం.
6. హెల్ప్‌డెస్క్: విద్యార్థి పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టడం.
7. రాత్రి బ్యాకప్: మొత్తం చదవడం.

ఇప్పటి లెక్క: రూట్ డీఎన్ వాడుతున్నవి 7. నిజంగా రాసే అధికారం కావాల్సినవి 2. రూట్ డీఎన్ కావాల్సినవి 0.

బ్యాకప్ అప్పటికప్పుడే తేలిపోయింది. దానికి ఎల్‌డాప్ ఖాతాయే అక్కర్లేదు. సర్వర్‌లోనే స్లాప్‌క్యాట్ -ఎన్ 0 కాన్ఫిగరేషన్‌ని, స్లాప్‌క్యాట్ -ఎన్ 1 డేటాని ఫైల్‌లోకి తీస్తాయి. ఎండీబీ అయితే స్లాప్‌డీ నడుస్తుండగానే తీయొచ్చు. పాత స్క్రిప్ట్ కాన్ఫిగరేషన్‌ని అసలు తియ్యడమే లేదు, అంటే ఏసీఎల్‌లకి బ్యాకప్ లేదు.

లెక్క: 6.

దశ 3: సేవా ఖాతాలు

ఓయూ=సర్వీసెస్ అని కొత్త కొమ్మ పెట్టి, ఒక్కో సేవకి ఒక్కో ఎంట్రీ చేశాం: సీఎన్=రేడియస్, సీఎన్=మూడుల్, సీఎన్=లైబ్రరీ, సీఎన్=ల్యాబ్స్, సీఎన్=అడ్మిషన్. సింపుల్‌సెక్యూరిటీఆబ్జెక్ట్ ఒక్కటే ఆబ్జెక్ట్‌క్లాస్‌గా (ఎంట్రీ రకంగా) ఇస్తే ఎర్రర్ 65 వచ్చి, స్ట్రక్చరల్ క్లాస్ (ఎంట్రీకి తప్పనిసరైన మూల రకం) లేదంటుంది. ఆర్గనైజేషనల్‌రోల్ కూడా జోడిస్తే సరిపోతుంది.

మనుషులకి వేరే పద్ధతి. అడ్మిన్లు ముగ్గురికి ఓయూ=అడ్మిన్స్ కింద ఎవరి ఎంట్రీ వాళ్లకి ఉంది. అక్కడే సీఎన్=ఎల్‌డాప్‌అడ్మిన్స్ అన్న గ్రూపు. ముగ్గురూ ఒకే పాస్‌వర్డ్ పంచుకుంటే లాగ్‌లో ఎవరు ఏం మార్చారో ఎప్పటికీ తెలియదు. ఉద్యోగం మారి వెళ్లినవాళ్ల ఖాతా ఆపాలంటే అందరి పాస్‌వర్డూ మార్చాల్సొస్తుంది.

గ్రూపు దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఏసీఎల్‌లో బై గ్రూప్ అని రాసి, ఆ గ్రూపుని పోసిక్స్‌గ్రూప్‌గా (లైనక్స్ గ్రూపుల రకంగా) చేశాం. తప్పేదీ చూపించకుండా ఏసీఎల్ ఎక్కింది. సభ్యులు రాయబోతే ఎర్రర్ 50, అధికారం చాలదు. మనం వేరే చెప్పకపోతే స్లాప్‌డీ గ్రూప్‌ఆఫ్‌నేమ్స్ క్లాస్‌నీ, మెంబర్ ఆట్రిబ్యూట్‌నీ వెతుకుతుంది. పోసిక్స్‌గ్రూప్‌లో ఉండే మెంబర్‌యూఐడీలో పేరు ముక్క ఉంటుంది గానీ డీఎన్ ఉండదు. గ్రూపుని గ్రూప్‌ఆఫ్‌నేమ్స్‌గా మళ్లీ చేశాం. ఆ క్లాస్‌లో కనీసం ఒక మెంబర్ లేకుండా ఎంట్రీయే పుట్టదు, ఇది కూడా గుర్తుంచుకోండి.

దశ 4: ఏసీఎల్‌లు

ఏసీఎల్ నియమాలు రెండే. పైనుంచి చదువుతూ పోయి, "దేనికి" అన్నది సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగుతుంది. ఆ వరుసలో "ఎవరికి" అన్నది సరిపోయిన మొదటి ముక్క దగ్గర ఆగుతుంది. ప్రతి వరుస చివరా, రాయకపోయినా, "మిగతా ఎవరికీ ఏమీ లేదు" అని ఉన్నట్టే లెక్క.

ఈ రెండు నియమాల్ని పైపైన చదివి ముందుకెళ్తే ఏమవుతుందో టెస్ట్ సర్వర్‌లో రెండుసార్లు కనిపించింది.

మొదటిది: కొత్త ఏసీఎల్‌ని జోడిస్తే అది జాబితా అడుగున పడింది. దాని పైన "అన్నిటికీ, అందరికీ చదవడం" అన్న పాత వరుస ఉంది. అన్నీ అక్కడే ఆగిపోయాయి, కొత్త వరుస దాకా ఎవరూ రాలేదు. ముందు వంకర బ్రాకెట్లలో సున్నా అంకె వేసి జోడిస్తే పైకి ఎక్కుతుంది.

రెండోది పెద్దది. హెల్ప్‌డెస్క్‌కి యూజర్‌పాస్‌వర్డ్ రాసే హక్కిస్తూ ఒక వరుస పైన చేర్చాం. చేర్చగానే టెస్ట్ ల్యాబ్‌లో ఒక్కరూ లాగిన్ కాలేకపోయారు. అందరికీ ఎర్=49, అంటే పాస్‌వర్డ్ తప్పన్నట్టు. పాస్‌వర్డ్‌లు తప్పు కాదు. లాగిన్ కాకముందు ప్రతి మనిషీ అనామకుడే. ఆ అనామకుడికి యూజర్‌పాస్‌వర్డ్ మీద కనీసం ఆథ్ హక్కు ఉండాలి, లేకపోతే పోల్చి చూడటమే జరగదు. కొత్త వరుసలో బై అనానిమస్ ఆథ్ అన్న ముక్క లేదు, కనబడని "మిగతా ఎవరికీ లేదు" దాని స్థానంలోకి వచ్చేసింది. ఇంత జరుగుతున్నా రూట్ డీఎన్‌తో వెళ్తే అంతా మామూలుగానే ఉంది.

49 గురించి ఇంకో మాట. డీఎన్ తప్పైనా, పాస్‌వర్డ్ తప్పైనా, ఇలా ఏసీఎల్ అడ్డుపడినా క్లయింట్‌కి అదే అంకె వస్తుంది. ఏది ఉందో ఏది లేదో బయటివాళ్లకి తెలియకూడదని సర్వర్ కావాలనే అలా చెప్తుంది. కారణం సర్వర్ వైపు లాగ్‌లోనే వెతకాలి. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మాత్రం 53 వస్తుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉండిపోయిందని దానితో వెంటనే తెలుస్తుంది.

చివరికి నిలిచిన వరుస:

1. అన్నిటికీ: సాకెట్ దారిలో వచ్చిన లైనక్స్ రూట్‌కి మేనేజ్ (పూర్తి అధికారం), మిగతావాళ్లకి బ్రేక్. బ్రేక్ అంటే ఇక్కడ ఆగకుండా కింది వరుసకి వెళ్లమని.
2. ఓయూ=అడ్మిన్స్ కింది పాస్‌వర్డ్‌లు: సొంతదారుకి రాయడం, అనామకుడికి ఆథ్, ఇంకెవరికీ లేదు.
3. ఓయూ=స్టూడెంట్స్ కింది పాస్‌వర్డ్‌లు: సొంతదారుకి రాయడం, హెల్ప్‌డెస్క్ గ్రూపుకి =డబ్ల్యూ (రాయడం మాత్రమే), అడ్మిషన్‌కి =ఏ (చేర్చడం మాత్రమే), అనామకుడికి ఆథ్.
4. మిగతా అన్ని పాస్‌వర్డ్‌లు: సొంతదారు, అనామకుడికి ఆథ్.
5. సాంబాఎన్‌టీపాస్‌వర్డ్: రేడియస్‌కి చదవడం, అడ్మిషన్‌కి =ఏ. ఇంకెవరికీ కనబడదు.
6. ఓయూ=స్టూడెంట్స్ చిల్డ్రన్ (దీని అర్థం దశ 5లో), దాని కింది ఎంట్రీలు: అడ్మిషన్‌కి చేర్చే హక్కు, ఎల్‌డాప్‌అడ్మిన్స్‌కి రాయడం, లాగిన్ అయినవాళ్లకి చదవడం (సేవా ఖాతాలకి మాత్రం వాటికి అవసరమైన ఆట్రిబ్యూట్‌లే).
7. మిగతాదంతా: ఎల్‌డాప్‌అడ్మిన్స్‌కి రాయడం, లాగిన్ అయినవాళ్లకి చదవడం. ఓయూ=అడ్మిన్స్‌ని మాత్రం దీనికి ముందే విడదీసి, గ్రూపు సభ్యత్వం మార్చే హక్కు లైనక్స్ రూట్‌కే ఉంచాం.

3వ వరుసలో ఓయూ=స్టూడెంట్స్ అన్న పరిధి తప్పక ఉండాలి. హెల్ప్‌డెస్క్‌కి అన్ని పాస్‌వర్డ్‌లూ రాసే హక్కు ఇస్తే, వాళ్లు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చుకుని అడ్మిన్‌గా లోపలికి రావొచ్చు. మా హెల్ప్‌డెస్క్ వాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్ల పీసీలు విద్యార్థులు తిరిగే గదిలో ఉంటాయి. =డబ్ల్యూ అనడానికీ కారణం ఉంది. రైట్ అని రాస్తే చదవడం కూడా కలిసొస్తుంది, హ్యాష్‌లు కనబడతాయి. =డబ్ల్యూ అంటే రాయడమే.

మార్చిన ప్రతిసారీ స్లాప్‌ఏసీఎల్‌తో పరీక్షించాం. ఎవరి డీఎన్, ఏ ఎంట్రీ, ఏ ఆట్రిబ్యూట్, ఏ హక్కు అని ఇస్తే అలౌడ్ లేదా డినైడ్ అని చెప్తుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు. "ఇవ్వాలి" అన్నవే కాక "ఇవ్వకూడదు" అన్నవీ ఒక ఫైల్‌లో రాసి, అన్నీ వరుసగా నడిపే చిన్న స్క్రిప్ట్ చేసుకున్నాం. రేడియస్ ఖాతాతో విద్యార్థి యూజర్‌పాస్‌వర్డ్ చదవబోతే డినైడ్ రావాలి, హెల్ప్‌డెస్క్ ఖాతాతో అడ్మిన్ పాస్‌వర్డ్ రాయబోతే డినైడ్ రావాలి, ఇలా. ఏసీఎల్ పనిలో మా చేతికి అత్యంత ఉపయోగపడిన సాధనం ఇదే.

దశ 5: ఒక్కొక్కటీ మార్చడం

లైబ్రరీ: సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల ఫారంలో "అడ్మిన్ డీఎన్ తప్పనిసరి" అని ఉంది. సీఎన్=లైబ్రరీ ఇచ్చాం. అది చేసేది వెతకడమే కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. లెక్క: 5.

ల్యాబ్ పీసీలు: ఎస్ఎస్ఎస్‌డీ కాన్ఫిగ్ ఫైల్‌లో సీఎన్=ల్యాబ్స్. ఫైల్ అనుమతులు 0600 ఉండాలి. అయినా యూఎస్‌బీతో బూట్ చెయ్యగలిగిన విద్యార్థి ఆ పాస్‌వర్డ్ చదవగలడు. కాబట్టి అది బయటికి తెలిసిపోయిందనే అనుకుని హక్కులు ఇవ్వాలి: పేరు, యూఐడీ, హోమ్ డైరెక్టరీ, షెల్, గ్రూపులు, అంతే. ఇన్నాళ్లూ అదే ఫైల్‌లో, అన్ని పీసీల్లోనూ, డైరెక్టరీ యజమాని పాస్‌వర్డ్ ఉంది. ఈ ప్రాజెక్టులో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ ఒక్క వరుసే. లెక్క: 4.

మూడుల్: ఇక్కడ సైజ్ లిమిట్ తగిలింది. రూట్ డీఎన్‌తో 3,200 మందీ వచ్చేవారు. కొత్త ఖాతాతో 500 దగ్గర ఆగి ఎర్రర్ 4 వచ్చింది. 500 అన్నది స్లాప్‌డీ తనంతట తాను పెట్టుకునే హద్దు. పేజీలుగా తెచ్చుకుంటే దాటొచ్చు అనుకున్నాం, దాటలేదు. పేజీలన్నీ కలిపిన మొత్తానికీ ఆ హద్దే వర్తిస్తుంది. మూడుల్‌లో ప్రమాదం ఏమిటంటే, డైరెక్టరీలో కనబడని యూజర్లని ఏం చెయ్యాలన్న సెట్టింగ్ ఒకటుంది: ఉంచడం, సస్పెండ్ చెయ్యడం, పూర్తిగా తొలగించడం. మాది సస్పెండ్‌లో ఉంది. టెస్ట్ మూడుల్ కాబట్టి సరిపోయింది. మీరు మొదట "ఉంచడం"కి మార్చి, తర్వాతే ఖాతా మార్చండి.

పరిష్కారం ఓఎల్‌సీలిమిట్స్‌లో ఒక వరుస: డీఎన్.ఎగ్జాక్ట్=సీఎన్=మూడుల్... అని ఖాతా పేరు, దానికి సైజ్.సాఫ్ట్, సైజ్.హార్డ్ రెండూ 10000. అన్‌లిమిటెడ్ అని పెట్టలేదు. ఎంట్రీలు ఎంత పెరిగినా 10,000 దాటవు, దాటితే ఎవరో ఒకరు వచ్చి చూడాలి. లెక్క: 3.

వైఫై: ఖాతా మార్చగానే యూజర్ దొరుకుతున్నాడు గానీ లోపలికి రానివ్వట్లేదు. ఫ్రీరేడియస్ డీబగ్‌లో, తెలిసిన పాస్‌వర్డ్ దొరకలేదు, అడ్మిన్ యూజర్‌కి పాస్‌వర్డ్ ఆట్రిబ్యూట్ చదివే అనుమతి ఉందో చూడండి అన్న అర్థంతో హెచ్చరిక వస్తుంది. "అడ్మిన్ యూజర్" అన్న మాట చూసి చాలామంది మళ్లీ రూట్ డీఎన్ పెట్టేస్తారు. దానికి కావాల్సింది ఒకే ఒక్క ఆట్రిబ్యూట్ మీద చదివే హక్కు. పై జాబితాలో 5వ వరుస పుట్టింది ఇక్కడే. ఎన్‌టీ హ్యాష్ ఉప్పు (సాల్ట్, అంటే ఒక్కో పాస్‌వర్డ్‌కి కలిపే యాదృచ్ఛిక ముక్క) లేని హ్యాష్, దొరికితే పాస్‌వర్డ్ దొరికినట్టే అనుకోవాలి. అందుకే రేడియస్ తప్ప ఎవరూ చదవకుండా, సీఎన్=రేడియస్ పాస్‌వర్డ్ ఒక్క రేడియస్ సర్వర్‌లోనే ఉండేలా చూసుకున్నాం. లెక్క: 2.

అడ్మిషన్ల స్క్రిప్ట్: ఎర్రర్ 50, పైన ఉన్న ఎంట్రీకి రాసే హక్కు లేదని. కొత్త ఎంట్రీ చేర్చాలంటే రెండు చోట్ల హక్కుండాలి: తల్లి ఎంట్రీ తాలూకు చిల్డ్రన్ మీద, పుట్టబోయే ఎంట్రీ తాలూకు ఎంట్రీ అన్న నకిలీ ఆట్రిబ్యూట్ మీద. రాసే హక్కులో చేర్చడం (ఏ), తొలగించడం (జెడ్) రెండు భాగాలున్నాయి. స్క్రిప్ట్‌కి ఏ ఒక్కటే ఇచ్చాం. ఎక్సెల్ షీట్‌లో తప్పు వరుసలుంటే అనవసరపు ఎంట్రీలు చేరొచ్చు గానీ, ఉన్న విద్యార్థి ఒక్కడూ చెరిగిపోడు.

ఇంతలో స్లాప్‌ఏసీఎల్ పట్టలేని ఒక లోపం బయటపడింది. స్క్రిప్ట్ ఖాతాకి జీఐడీనంబర్ (యూజర్ ప్రధాన గ్రూపు అంకె) మీద హక్కు తీసేసి చూసినా, ఎంట్రీ చేర్చేటప్పుడు ఏ జీఐడీ ఇచ్చినా లోపలికి వెళ్తోంది. చేర్చే ఎంట్రీ లోపల ఏముందో స్లాప్‌డీ మామూలుగా ఏసీఎల్‌తో సరిచూడదు. ఓఎల్‌సీయాడ్‌కంటెంట్‌ఏసీఎల్ అన్న సెట్టింగ్‌ని ట్రూ చేస్తేనే సరిచూస్తుంది. ఇది ఎందుకింత ముఖ్యమంటే, డెబియన్‌లో సుడో గ్రూపు (రూట్ అధికారం వాడుకోగలిగేవాళ్ల గ్రూపు) జీఐడీ 27. ఆ అంకెతో ఎంట్రీ చేర్చినవాడు ల్యాబ్ పీసీలన్నిటికీ యజమాని అయిపోతాడు. రెండు పనులు చేశాం. డేటాబేస్‌లో ఆ సెట్టింగ్ ట్రూ చేసి, స్క్రిప్ట్‌కి అవసరమైన ఆట్రిబ్యూట్‌లే ఏసీఎల్‌లో రాశాం. విద్యార్థి ఎంట్రీకి జీఐడీ ఎలాగూ ఉండాలి కాబట్టి, అంకె హద్దుని ల్యాబ్ పీసీల వైపు పెట్టాం: ఎస్ఎస్ఎస్‌డీలో మిన్_ఐడీ = 10000. అంతకన్నా తక్కువ యూఐడీ గానీ, ప్రధాన జీఐడీ గానీ ఉన్న యూజర్ పీసీకి అసలు కనబడడు. లెక్క: 1.

హెల్ప్‌డెస్క్: ఖాతాలు మారిన వెంటనే "పాస్‌వర్డ్ మార్చనివ్వట్లేదు సార్" అని ఫోన్లు. ఎర్రర్ 19, నాణ్యత చాలదని. వాళ్లు ఇస్తున్నవి ఆరు అక్షరాల పాస్‌వర్డ్‌లు. పాలసీలో కనీసం పది అని ఎప్పటినుంచో ఉంది. కానీ రూట్ డీఎన్‌తో మార్చినప్పుడు పాలసీ అడ్డుపడదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. పాలసీ ఇప్పుడే మొదటిసారి పని చేసింది. హెల్ప్‌డెస్క్‌కి పది అక్షరాల తాత్కాలిక పాస్‌వర్డ్ తయారుచేసే బటన్ ఇచ్చాం. లెక్క: 0.

దశ 6: రూట్ డీఎన్‌ని ఏం చెయ్యాలి?

పేరు తీసెయ్యకూడదు. కొన్ని ఓవర్లేలు (స్లాప్‌డీకి జోడించే అదనపు మాడ్యూళ్లు), రెప్లికేషన్ (ఇంకో సర్వర్‌తో డేటా కాపీ) లోపల్లోపల రూట్ డీఎన్ పేరుతోనే రాస్తాయి. తియ్యాల్సింది దాని పాస్‌వర్డ్‌ని.

ముందు ఇంకో దారి ప్రయత్నించాం. ఓఎల్‌సీఆథ్‌జెడ్‌రెజ్‌ఎక్స్‌ప్ వాడి, సాకెట్ దారిలో వచ్చే లైనక్స్ రూట్‌ని నేరుగా రూట్ డీఎన్‌గా మార్చెయ్యడం. డేటా వైపు బాగానే పని చేసింది. సీఎన్=కాన్ఫిగ్ తెరవబోతే ఏమీ కనిపించలేదు. కాన్ఫిగ్‌ని కాపాడే ఏసీఎల్‌లో పీర్‌క్రెడ్ పేరు రాసి ఉంది. మేం పేరు మార్చేశాం కాబట్టి ఆ పేరుతో ఇక ఎవరూ రారు. మార్చిన వరుసని వెనక్కి తియ్యాలన్నా కాన్ఫిగ్‌లోకి వెళ్లాలి, వెళ్లే దారి లేదు.

బయటపడిన తీరు:

1. స్లాప్‌డీ ఆపడం.
2. స్లాప్‌క్యాట్ -ఎన్ 0తో కాన్ఫిగ్ మొత్తం ఒక ఫైల్‌లోకి తీయడం.
3. ఫైల్‌లో ఆ ఒక్క వరుస తొలగించడం.
4. స్లాప్‌డీ.డీ ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టి, అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ చెయ్యడం.
5. స్లాప్‌యాడ్ -ఎన్ 0తో ఫైల్‌ని మళ్లీ ఎక్కించడం.
6. ఫోల్డర్ మొత్తాన్ని ఓపెన్‌ఎల్‌డాప్ యూజర్‌కి చౌన్ చెయ్యడం (యజమానిని మార్చడం). ఇది వదిలేస్తే ఫైళ్లు రూట్ పేరున ఉండి స్లాప్‌డీ లేవదు.
7. స్లాప్‌డీ మొదలుపెట్టడం.

ఆ మార్పిడి వద్దనుకున్నాం. ఏసీఎల్ మొదటి వరుసలో లైనక్స్ రూట్‌కి మేనేజ్ ఇచ్చి ఉన్నాం కదా, అత్యవసరానికి అది చాలు. మేనేజ్ ఉన్నా 500 హద్దు వర్తిస్తుంది. పెద్ద జాబితా కావాలంటే దానికీ లిమిట్స్‌లో వరుస రాసుకోవాలి.

అసలు సర్వర్‌లో వరుస ఇది. ముందు ఓఎల్‌సీసెక్యూరిటీలో సింపుల్_బైండ్=128 పెట్టాం. టీఎల్ఎస్ లేకుండా వచ్చే బైండ్‌కి ఎర్రర్ 13 వస్తుంది. సర్వర్ కాదనేలోపే పాస్‌వర్డ్ తీగ మీదికి వచ్చేసి ఉంటుంది కాబట్టి, క్లయింట్లన్నీ టీఎల్ఎస్‌కి మారాయని లాగ్‌లో చూసుకున్నాకే సేవా ఖాతాల పాస్‌వర్డ్‌లు కొత్తవి ఇచ్చాం. తర్వాత ఓఎల్‌సీరూట్‌పీడబ్ల్యూ తొలగించాం. చివరగా చెట్టులోని సీఎన్=అడ్మిన్ ఎంట్రీ తొలగించాం. చివరి రెంటిలో ఏ ఒక్కటి వదిలేసినా దశ 1లోని పాత పాస్‌వర్డో, కొత్తదో ఇంకా తలుపు తీస్తూనే ఉంటుంది.

వేరే సర్వర్లు వాడేవాళ్లకి

389 డైరెక్టరీ సర్వర్‌లో రూట్ డీఎన్ లాంటిది సీఎన్=డైరెక్టరీ మేనేజర్. ఫ్రీఐపీఏ లోపల కూడా అదే ఉంటుంది, రోజువారీ పనికి వాడే అడ్మిన్ అన్న యూజర్ వేరు. రెంటి పాస్‌వర్డ్‌లూ ఇన్‌స్టాల్ అప్పుడు విడివిడిగా అడుగుతుంది, ఒకటే పెట్టకండి. అపాచీడీఎస్‌లో యూఐడీ=అడ్మిన్,ఓయూ=సిస్టమ్. దాని మొదటి పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలిసిందే, మొదటి పని దాన్ని మార్చడం. యాక్టివ్ డైరెక్టరీలో హద్దు 500 కాదు, పేజీకి 1,000. పేజీలుగా అడిగితే మొత్తం ఇస్తుంది. అక్కడ సేవా ఖాతాని డొమైన్ అడ్మిన్స్‌లో చేర్చడం మా పాత పద్ధతి లాంటిదే. పాస్‌వర్డ్ రీసెట్ హక్కుని ఒక ఓయూ వరకే డెలిగేట్ చెయ్యొచ్చు.

మిగిలి ఉన్న పని

1. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ తర్వాతి అప్‌డేట్‌లో కొత్త ఫీల్డులు అడిగితే, సీఎన్=లైబ్రరీకి ఆ ఆట్రిబ్యూట్‌లు మాత్రమే చేర్చడం.
2. వైఫైని ఈఏపీ-టీటీఎల్ఎస్‌కి మారిస్తే విద్యార్థి పాస్‌వర్డ్‌తో నేరుగా బైండ్ చెయ్యొచ్చు. అప్పుడు సాంబాఎన్‌టీపాస్‌వర్డ్ డైరెక్టరీలోంచే తీసెయ్యొచ్చు. పాత ఫోన్లతో పరీక్షలు నడుస్తున్నాయి.
3. లాగ్‌లో సీఎన్=అడ్మిన్ పేరుతో ఇప్పటికీ ఎర్=49తో బైండ్లు వస్తున్నాయి. ఐపీ చూస్తే ఒక పాత ల్యాబ్‌లో మూలన నడుస్తున్న ప్రింట్ సర్వర్. మా జాబితాలో లేనిది. అది ఏం వెతుకుతోందో చూసి, సీఎన్=ప్రింట్ అని ఖాతా చెయ్యాలి.